ఇల్లు సొంతం, నేల పరాయిది

విదేశీ ఆస్తుల ప్రదర్శనలు హైదరాబాద్, బెంగళూరు, ముంబయి నగరాల్లోని పెద్ద హోటళ్లలో వారాంతపు వ్యవహారంగా మారాయి. ఫుకెట్‌లో ఈతకొలనున్న విల్లా, బాలిలో వరిమళ్ల అంచున ఇల్లు. ధర ఆ నగరాల్లోని ఒక మంచి అపార్ట్‌మెంటుకు మించదు. కరపత్రంలో ఆ ధరకు దిగువన, కాస్త చిన్న అక్షరాల్లో, మూడు అంకెలు కనిపిస్తాయి: 30+30+30. అమ్మేవారు ఆ మూడింటినీ కూడి 90 అంటారు. చట్టం మొదటి అంకె దగ్గరే ఆగిపోతుంది.

థాయ్‌లాండ్‌లో 1954 నాటి భూస్మృతి ప్రకారం విదేశీయుడు సాధారణంగా భూమికి యజమాని కాలేడు. కండోమినియంలో ఫ్లాటు కొనవచ్చు. అదీ భవనం మొత్తం విక్రయ వైశాల్యంలో విదేశీయుల వాటా నూటికి 49 దాటనంత వరకే. విల్లా కావాలంటే నేలను లీజుకు తీసుకోవడం ఒక సక్రమమైన దారి. అక్కడి పౌర, వాణిజ్య స్మృతిలోని 540వ సెక్షన్ స్థిరాస్తి లీజుకు 30 ఏళ్ల గరిష్ఠ పరిమితి విధించింది. అంతకు మించి ఎన్నేళ్లు రాసుకున్నా దాన్ని 30 ఏళ్లకు కుదించి చదవాలని ఆ సెక్షనే చెబుతోంది. గడువు తీరాక పునరుద్ధరించుకోవచ్చు. కానీ ఆనాడు భూయజమాని అందుకు సమ్మతించాలి. ముందుగానే రాసిచ్చిన పొడిగింపు హామీ ఇద్దరు వ్యక్తుల మధ్య మాట మాత్రమే. ఈలోగా భూమి చేతులు మారితే, మిగిలిన లీజు గడువును కొత్త యజమాని గౌరవించక తప్పదు. పాత యజమాని ఇచ్చిన పొడిగింపు మాటకు మాత్రం అతడు బద్ధుడు కాడు. లీజుదారు మరణిస్తే ఏమవుతుందన్నది మరో చిక్కు. థాయ్ న్యాయస్థానాలు లీజును వ్యక్తిగత హక్కుగా పరిగణిస్తూ వచ్చాయి. వారసులకు సంక్రమిస్తుందని ఒప్పందంలో స్పష్టంగా రాసుకోకపోతే అది లీజుదారుతోనే ముగిసిపోతుంది. హైదరాబాద్‌లో రాసిన వీలునామా ఎంత పకడ్బందీగా ఉన్నా, లేని హక్కును పిల్లలకు ఇవ్వలేదు.

నేల మీది కట్టడం సంగతి వేరు. దాన్ని నేల నుంచి వేరుచేసి విదేశీయుడు సొంతం చేసుకోవడానికి థాయ్ చట్టం అడ్డుచెప్పదు. అందుకు నిర్మాణ అనుమతి అతని పేరున ఉండాలి. లేదా భూమి కార్యాలయంలో భవన హక్కును విడిగా నమోదు చేయించుకోవాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. మునిసిపాలిటీ ఇచ్చే ఇంటి పుస్తకంలో పేరు చూసుకుని నిశ్చింతగా ఉంటారు. ఆ పుస్తకం నివాసానికి రుజువు మాత్రమే, యాజమాన్య పత్రం కాదు.

చదువుకున్న భారతీయ కొనుగోలుదారు ఇంత సులభంగా లీజును సొంతమని నమ్మడానికి ఒక కారణం స్వదేశానుభవంలోనే ఉంది. ఢిల్లీలో డీడీఏ స్థలాలూ, నోయిడాలో 90 ఏళ్ల ఫ్లాట్లూ లీజు ఆస్తులే. వాటిని ఎవరూ అద్దె ఇళ్లుగా భావించరు. అక్కడ భూయజమాని ప్రభుత్వమో, ప్రభుత్వ ప్రాధికార సంస్థో. లీజు ముగిసిందని లక్షల కుటుంబాలను వీధిలోకి నెట్టే సాహసం ఏ ప్రభుత్వమూ చేయదు. పైగా ఎన్నికలు సమీపిస్తే లీజును పూర్తి యాజమాన్యంగా మార్చే పథకాలు ప్రకటిస్తుంది. ఆ భద్రత దస్తావేజు ఇచ్చింది కాదు, ఓటు ఇచ్చింది. ఫుకెట్‌లో భూయజమాని ఒక కుటుంబం. దానికి అప్పులుంటాయి, అన్నదమ్ముల తగాదాలుంటాయి, మరణాలుంటాయి. లీజుదారుకు అక్కడ ఓటు లేదు.

ఇండొనేసియా చట్టం మరింత కఠినమైనది. 1960 నాటి మౌలిక భూచట్టం పూర్తి యాజమాన్య హక్కును స్వదేశీయులకే పరిమితం చేసింది. స్థానిక వ్యక్తి పేరున భూమి కొని వెనుక నుంచి అనుభవించే పద్ధతి బాలిలో చాలాకాలంగా ఉంది. భారతీయులకు దీన్ని వివరించనక్కరలేదు, బినామీ అన్న ఒక్క మాట చాలు. ఆ చట్టంలోని 26వ అధికరణం దీనికి విధించిన ఫలితాన్ని మాత్రం వివరించాలి. పూర్తి హక్కును ప్రత్యక్షంగానో పరోక్షంగానో విదేశీయుడికి చేరవేసే ఉద్దేశంతో జరిగిన లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వపరమవుతుంది, చెల్లించిన సొమ్మును తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు. భూమి, డబ్బు రెండూ పోతాయి. సక్రమంగా నడవదలచినవారికి ‘హక్ పకాయ్’ అనే వినియోగ హక్కు ఉంది. 2021 నిబంధనల ప్రకారం మొదట 30 ఏళ్లు, పొడిగింపు 20, పునరుద్ధరణ మరో 30. దానికి అర్హతలూ షరతులూ ఉన్నాయి గనుక దళారులు దాని జోలికి పోరు. చేతిరాతకు దగ్గరగా ఉండే మామూలు లీజు ఒప్పందాన్నే అమ్ముతారు.

ఈ చట్టాలను విదేశీయుల పట్ల ద్వేషంగా చూడటం తప్పు. 1870లో డచ్చి పాలకులు తెచ్చిన భూచట్టం తోటల కంపెనీలకు జావా, సుమత్రా భూములను 75 ఏళ్ల దీర్ఘకాలిక లీజుకు కట్టబెట్టింది. స్వాతంత్ర్యానంతరం 1960లో చట్టం రాసినవారు దాన్ని మరచిపోలేదు. శ్రీలంక 2014లో చేసిన చట్టం విదేశీయులకు భూమి బదిలీని నిషేధించి, లీజును మాత్రం 99 ఏళ్ల వరకు అనుమతించింది. మాల్దీవులు 2015లో రాజ్యాంగాన్ని సవరించి, వంద కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టే విదేశీయులకు భూయాజమాన్యం ఇవ్వజూపింది. ప్రభుత్వం మారాక 2019లో ఆ సవరణను రద్దు చేసింది. థాయ్‌లాండ్ మంత్రివర్గం 2022 అక్టోబరులో, 4 కోట్ల బాత్‌లు పెట్టుబడి పెట్టిన విదేశీయులు ఇంటి కోసం ఒక రాయ్, అంటే 1,600 చదరపు మీటర్ల భూమి కొనడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. దేశాన్ని అమ్ముతున్నారన్న నిరసన చెలరేగడంతో రెండు వారాలకే వెనక్కి తగ్గింది. ఒక రాయ్ భూమికే ఇంత కలవరం రేగిన చోట 90 ఏళ్ల హామీ ఇవ్వగల అధికారం ఏ అమ్మకందారుకు ఉంటుంది?

భారతదేశం ఈ విషయంలో ఎవరికీ నీతులు చెప్పే స్థితిలో లేదు. విదేశాల్లో నివసించే, భారతీయ మూలాలు లేని విదేశీయుడు ఇక్కడ స్థిరాస్తి కొనలేడు. అయిదేళ్లు మించని లీజు తీసుకోవచ్చు, అంతే. పాకిస్థాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, చైనా తదితర 11 దేశాలూ ప్రాంతాల పౌరులకు రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా ఆ అయిదేళ్ల లీజుకు మించి ఏదీ సాధ్యం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారు సైతం ఓసీఐ కార్డుతో ఇల్లు కొనగలరేగాని పొలం కొనలేరు. ఆ నిబంధన ఉండాల్సిందేనని వాదించేవారే, బాలిలో అలాంటి నిబంధన తగిలితే అన్యాయం అంటారు.

లీజు గడువు తీరిన రోజు ఎలా ఉంటుందో ఊహించుకోవలసిన అవసరం లేదు. ఫిజీలో అది జరిగింది. 1879-1916 మధ్య గిర్మిట్ ఒప్పందం మీద ఆ దీవులకు 60 వేల మందికి పైగా భారతీయులను చెరకు తోటల పనికి తరలించారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవారిలో విశాఖపట్నం తదితర జిల్లాల తెలుగువారూ ఉన్నారు. ఒప్పందం ముగిశాక అక్కడే నిలిచిపోయినవారు చెరకు రైతులయ్యారు. కానీ ఫిజీలో నూటికి 80 పాళ్లకు పైగా భూమి ఆదివాసుల వంశ సమూహాల ఉమ్మడి ఆస్తి. దాన్ని అమ్మడానికి వీల్లేదు. ఒక ట్రస్టు బోర్డు ద్వారా కౌలుకు ఇస్తారు. ఆ కౌలు నేలలోనే రైతులు ఇళ్లు కట్టుకున్నారు, గుళ్లు కట్టుకున్నారు, చెట్లు నాటుకున్నారు. 1976 చట్టం కౌలుకు కనీసం 30 ఏళ్ల గడువిచ్చింది. ఆనాడు అది చాలా దూరంగా కనిపించి ఉంటుంది.

1997 నుంచి ఆ కౌళ్లు ఒక్కొక్కటే ముగియసాగాయి. పునరుద్ధరణకు అనేక వంశాలు నిరాకరించాయి. కొన్ని కొత్తగా భారీ మొత్తం చెల్లిస్తేనే అన్నాయి. మూడు, నాలుగు తరాలుగా ఒకే పొలంలో ఉన్న కుటుంబాలు ఖాళీ చేయాల్సి వచ్చింది. విప్పి తీసుకుపోగల రేకుల ఇళ్లు, కొయ్య ఇళ్లు విప్పుకున్నారు. సిమెంటుతో కట్టుకున్నవి అక్కడే మిగిలాయి. యజమాని సమ్మతితో చేసిన నిర్మాణాలకే పరిహారమని చట్టం చెప్పింది; సమ్మతి పత్రం ఎంతమంది దాచుకుని ఉంటారు? చాలామంది సువా శివారు వాడలకు చేరారు. వీలైనవారు ఆస్ట్రేలియాకో, న్యూజీలాండ్‌కో పోయారు. వీరు ఫిజీకి విదేశీయులు కారు, పౌరులు. 1999 మేలో వారిలో ఒకరైన మహేంద్ర చౌధరి ప్రధానమంత్రి కూడా అయ్యారు. కౌలు సమస్యకు పరిష్కారం వెదకడం ఆయన ప్రభుత్వ ప్రధాన కార్యక్రమాల్లో ఒకటి. సరిగ్గా ఏడాదికి, 2000 మే 19న, పార్లమెంటు భవనంలోనే ఆయనను బందీగా పట్టుకున్నారు. ఆ కుట్రకు జనసమ్మతి కూడగట్టిన నినాదాల్లో భూమి ముందు వరుసలో ఉంది. ఓటూ పౌరసత్వమూ ప్రధానమంత్రి పదవీ కాపాడలేని ఇంటిని పర్యాటక వీసా ఎలా కాపాడుతుంది? ఫిజీ వంశ సమూహాల వైపు నుంచి చూస్తే వారు కోరింది తమ నేలనే. ఈ తగాదాలో చిక్కంతా అక్కడే ఉంది, ఇద్దరిదీ న్యాయమే.

ఢిల్లీ ఈ వ్యవహారాన్ని ఎక్కడి నుంచి చూస్తున్నది? పూర్తిగా ఖజానా వైపు నుంచి. విదేశాల్లో ఆస్తి కొనడానికి ఒక్కో వ్యక్తి ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. రూ. 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు నూటికి 20 చొప్పున పన్ను ముందే వసూలు చేస్తుంది. 2022 విదేశీ పెట్టుబడి నియమాల ప్రకారం అయిదేళ్లు మించిన లీజు కూడా స్థిరాస్తి కిందికే వస్తుంది. దాన్ని ఆదాయపు పన్ను పత్రాల్లో చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద రూ. 10 లక్షల జరిమానా పడవచ్చు. 2024లో ఆ జరిమానా నుంచి చిన్న మొత్తాలకు మినహాయింపు ఇచ్చినప్పుడు స్థిరాస్తులను అందులోంచి తీసేశారు. పన్ను శాఖ దృష్టిలో ఫుకెట్ లీజు నికరమైన ఆస్తి. థాయ్ న్యాయస్థానం దృష్టిలో అది కాలపరిమితి గల వ్యక్తిగత హక్కు.

కొనుగోలుదారు వైపు చూసే చట్టం మాత్రం ఒక్కటీ లేదు. రెరా దేశంలోని ప్రాజెక్టులకే వర్తిస్తుంది. హైదరాబాద్ హోటల్లో కూర్చుని విదేశీ విల్లా అమ్మేవారు దాని పరిధిలోకి రారు. 2016 తర్వాత భారత్ తన పాత ద్వైపాక్షిక పెట్టుబడి ఒప్పందాల్లో చాలావాటిని రద్దు చేసుకుంది. అవి ఉన్నా, సొంతానికి కొన్న ఇల్లు పెట్టుబడి అవునా కాదా అన్న వాదన మిగిలేది. తగాదా వస్తే స్థానిక న్యాయవాదుల జాబితా ఇవ్వడం తప్ప రాయబార కార్యాలయం చేయగలిగింది స్వల్పం.

ప్రభుత్వం చేయగల పని పెద్దదేమీ కాదు. అమ్మకం ఈ దేశంలో జరుగుతున్నది, ప్రకటన ఈ దేశంలో వస్తున్నది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై చర్య తీసుకోవడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కేంద్ర ప్రాధికార సంస్థకు అధికారం ఇచ్చింది. 90 ఏళ్లని అచ్చువేసే ముందు నమోదు కాగల గడువు ఎంతో అంతే పెద్ద అక్షరాల్లో వేయాలని అది ఆదేశించవచ్చు. డబ్బు బయటికి వెళ్లేది బ్యాంకు ద్వారానే గనుక రిజర్వు బ్యాంకు మరో అడుగు వేయవచ్చు. విదేశీ స్థిరాస్తి కొనుగోలుకు సొమ్ము పంపే ఫారంలో ఉద్దేశం రాయడానికి ఇప్పటికే ఒక కోడ్ ఉంది. దాని పక్కన నేల సొంతమా, లీజా; లీజయితే నమోదైన గడువెంత; భూమి అప్పటికే తనఖాలో ఉందా; నిర్మాణ అనుమతి ఎవరి పేరున ఉంది; కొన్నవారు మరణిస్తే వారసులకు వస్తుందా అన్న అయిదు గళ్లు చేర్చడానికి చట్టసవరణ అక్కరలేదు, ఒక సర్క్యులర్ చాలు.