పోకర్‌లో ముంచేది ముక్క కాదు.. పందెం సైజు! ‘అనంత’ రైతుకు తెలిసిన లెక్క ఇదే

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు కేంద్రం 2025లో తలుపులు మూసింది. అయినా ‘పోకర్ జూదం కాదు, నైపుణ్యం’ అన్న వాదన మాత్రం ఆగలేదు. ఇందులో నిజం ఉందా? ఉంది. కానీ ఆ నైపుణ్యం ఎక్కడుందో చూస్తే.. జేబు చిన్నదైనవాడికి ఆ ఆట ఎందుకు అచ్చిరాదో కూడా అక్కడే తెలిసిపోతుంది. అనంతపురం మెట్ట రైతుకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

చట్టం ఏం చెప్తోంది?

తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లకు చెక్ పెట్టింది. ఆ తర్వాత 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం పడింది. డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాళ్లకు మాత్రం ఈ చట్టంలో శిక్ష లేదు. ఈ ఆటల్లో జనం ఏటా 20 వేల కోట్ల రూపాయల దాకా పోగొట్టుకుంటున్నారన్నది కేంద్రం అంచనా.

కంపెనీల వాదన వేరు. రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని సుప్రీంకోర్టు 1960ల చివర్లోనే చెప్పింది. అదీ సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో! కొత్త చట్టం ఈ తేడానే పక్కన పెట్టేసింది. డబ్బు పెడితే చాలు, నైపుణ్యమైనా అదృష్టమైనా ఒకటే అంటోంది. దీన్ని సవాలు చేస్తూ వివిధ హైకోర్టుల్లో పడ్డ పిటిషన్లను 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తన దగ్గరికి బదిలీ చేసుకుంది.

350 ఎక్కడ.. 1,300 ఎక్కడ?

ఇద్దరే తలపడే నో-లిమిట్ హోల్డెమ్ సంగతి చూద్దాం. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, టేబుల్ మీద ఇద్దరికీ కలిపి ఐదు ముక్కలు. ముందున్న డబ్బంతా ఒకేసారి తోసేయొచ్చు. అసలు ఆటంతా ‘ఎంత కాయాలి’ అన్న దగ్గరే ఉంటుంది.

మధ్యలో పోగైన సొమ్మును పాట్ అంటారు. పాట్‌లో 1,000 ఉందనుకోండి. ఎదుటివాడు 500 కాశాడు. మీరు 500 పెడితే మొత్తం 2,000 అవుతుంది. అంటే నూటికి 25 సార్లు గెలిచినా అసలుకు మోసం లేదు. అదే అతను 1,000 కాస్తే 33 సార్లు గెలవాలి. 2,000 కాస్తే 40 సార్లు. పందెం పెంచిన కొద్దీ ఎదుటివాడికి నిర్ణయం కష్టమవుతుంది. అబద్ధపు పందేనికి, అంటే బ్లఫ్‌కు, చోటూ పెరుగుతుంది.

ఇంకో లెక్క. పాట్‌లో 100 రూపాయలున్నాయి. ఇంకా మూడు రౌండ్లు మిగిలాయి. ప్రతిసారీ పాట్‌లో సగం కాస్తే ఒక్కొక్కరి జేబులోంచి 350 పోతుంది. ప్రతిసారీ పాట్ అంత కాస్తే? 1,300! అవే ముక్కలు, అదే టేబుల్. మారింది సైజు ఒక్కటే.

మెషీన్ గెలిచింది.. కానీ ఒక షరతు

2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఓ పోటీ జరిగింది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్లతో ఒక్కొక్కరితో విడివిడిగా తలపడింది. 20 రోజులు, 1,20,000 చేతులు. 17 లక్షల డాలర్లకు పైగా విలువైన చిప్స్ తేడాతో గెలిచింది. పాట్‌కు ఎన్నో రెట్ల పందేలతో అది ఆటగాళ్లను హడలెత్తించింది.

అయితే ఒక్క షరతు గమనించాలి. ప్రతి చేతికీ ఇద్దరి ముందూ మళ్లీ 20,000 చిప్స్ పేర్చేవారు. ఒక చేతిలో అంతా ఊడ్చుకుపోయినా మరుసటి చేతికి అంతా కొత్తగా మొదలు. పైగా అవి నిజమైన డబ్బు కావు. జీవితంలో అలా ఎవరు పేరుస్తారు?

అనంతపురంలో ఏడాదికి ఒక్కటే పందెం

అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. బోరు లేని మెట్ట చేలో వేరుశనగ వేయడమంటే వానతో ముఖాముఖి పందెం. మంచి విత్తనం మంచి ముక్కల్లాంటిదే. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఆ విత్తనమూ కాపాడలేదు. మళ్లీ పందెం కాయాలంటే వచ్చే తొలకరి దాకా ఆగాల్సిందే.

అందుకే అనుభవమున్న రైతు చేనంతా ఒకే పంటకు అప్పజెప్పడు. సాళ్ల మధ్య కంది వేస్తాడు. కొంత ఆముదమో, జొన్నో, కొర్రో చల్లుతాడు. మొదటిసారి విత్తింది ఎండిపోతే మళ్లీ విత్తడానికి కొంత గింజ దాచుకుంటాడు. వాన ఎప్పుడొస్తుందో చెప్పలేడు గానీ, రాకపోతే ఎంత పోవాలో ముందే తేల్చుకుంటాడు. పందెం సైజు తెలియడమంటే ఇదే!

జేబు చిన్నదైతే..

ఇద్దరూ సమాన నేర్పు ఉన్నవాళ్లే అనుకుందాం. ఒకరి దగ్గర 5,000, ఇంకొకరి దగ్గర 50,000. ఒకరి జేబు ఖాళీ అయ్యేదాకా ఆడితే చిన్న జేబువాడు ఊడ్చుకుపోయే అవకాశం 91 శాతం. ఇందులో మోసమేం లేదు, ఉన్నది లెక్కే. దీనిపైన ప్రతి పాట్‌లో నిర్వాహకుడి కోత. ఇద్దరే ఉన్న టేబుల్‌లో దాదాపు ప్రతి చేయీ ఆడాల్సి వస్తుంది కాబట్టి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

నైపుణ్యం ఉన్న ఆటగాడు మొదట చేసే పని.. పోయినా ఇల్లు గడిచే సొమ్మును మాత్రమే టేబుల్ మీదికి తేవడం. విత్తనాలకు దాచిన డబ్బుతోనో, చేబదులు తెచ్చిన డబ్బుతోనో కూర్చున్నవాడు మొదటి ముక్క పడకముందే సైజు తప్పాడు. నైపుణ్యమా, అదృష్టమా అన్నది కోర్టు తేలుస్తుంది. ఈ తప్పును మాత్రం ఏ తీర్పూ సరిచేయలేదు.