పాత ఇంజిన్‌కు కొత్త గొంతు

బొమ్మ రైలంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది కీ ఇస్తే గుండ్రంగా తిరిగేదే. నేను చెప్పబోయేది అది కాదు. అసలు రైలును కొలత తప్పకుండా 87వ వంతుకు కుదించి చేసే మోడల్ రైలు గురించి. దీన్ని హెచ్‌ఓ స్కేల్ అంటారు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. అమెరికాలో ఈ హాబీకి పెద్ద చరిత్రే ఉంది. అథెర్న్ కంపెనీ ఒకప్పుడు నీలం డబ్బాల్లో అమ్మిన ‘బ్లూ బాక్స్’ ఇంజిన్లు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. చూడ్డానికి ముసలివి, కానీ గట్టి ప్రాణాలు.

వీటితో ఒకటే చిక్కు. పాత పద్ధతిలో నాబ్ తిప్పితే పట్టాల్లో వోల్టేజీ పెరుగుతుంది, దాన్ని బట్టి స్పీడు. ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లు పెట్టారా, రెండూ కలిసే పరుగు! పైగా ఇంజిన్ ఆగితే లైటూ ఆరిపోతుంది.

దీనికి విరుగుడు డీసీసీ, అంటే డిజిటల్ కంట్రోల్. జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ పద్ధతిని ఆధారం చేసుకుని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల్లో దీన్ని అందరికీ ఒకే ప్రమాణంగా మార్చింది. ఇందులో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. ఆర్డర్లు కూడా ఆ కరెంటులోనే వెళ్తాయి. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ అందరికీ కనిపించినా, ట్యాగ్ చేసినవాడే పలుకుతాడు కదా? ఇదీ అంతే. ప్రతి ఇంజిన్‌లో డీకోడర్ అనే చిన్న చిప్ బోర్డు, దానికో నంబరు ఉంటాయి. కొత్త డీకోడర్ సాధారణంగా 3వ నంబరుతో వస్తుంది. దాన్ని మనకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు.

మరి పాత ఇంజిన్‌లో ఇది పెట్టడం ఎలా? తీగలు నాలుగే. ఎరుపు, నలుపు పట్టాల నుంచి కరెంటు తెస్తాయి. నారింజ, బూడిద రంగువి మోటారుకు వెళ్తాయి. అసలు కీలకం వేరే ఉంది. బ్లూ బాక్స్ ఇంజిన్‌లో మోటారు అడుగున ఉన్న మెటల్ క్లిప్ నేరుగా ఛాసిస్‌ను తాకుతుంది. ఒక పట్టా కరెంటు ఆ ఛాసిస్ గుండానే వస్తుంది. దాన్ని విడదీయకుండా డీకోడర్ బిగిస్తే, పట్టాల కరెంటు వెనక దారిన చిప్‌లోకి దూరి దాన్ని కాల్చేస్తుంది. అందుకే మోటారును బయటికి తీసి, క్లిప్ కింద ఇన్సులేషన్ టేప్ వేయాలి. తర్వాత మల్టీమీటర్‌తో మోటారుకూ ఛాసిస్‌కూ, మోటారుకూ చక్రాలకూ మధ్య పరీక్షించాలి. ఎక్కడా బీప్ రాకూడదు. వచ్చిందా, డీకోడర్ జోలికి వెళ్లకండి.

ఇంకో పరీక్ష కూడా ముందే చేయాలి. 12 వోల్టులిచ్చి, చక్రాలు తిరగకుండా ఒక్క క్షణం పట్టుకుని, మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చూడండి. అది డీకోడర్ తట్టుకునేదానికంటే ఎక్కువైతే మోటారును శుభ్రం చేయాలి, లేదా మార్చాలి.

ఇక సౌండ్. ఫోన్లలో ఉండే తరహా చిన్న స్పీకర్ చాలు. కానీ దాని వెనక గాలి పోకుండా మూసిన బుల్లి డబ్బా ఉండాలి. లేకపోతే ముందు వెనకల శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుని చప్పుడు పీలగా వస్తుంది.

సౌండ్ డీకోడర్ ఖరీదు తరచూ పాత ఇంజిన్ ధరనే మించిపోతుంది. అంత పెట్టడం అవసరమా? అన్నింటికీ అక్కర్లేదనే నేనంటాను. మిగతావాటికి మామూలు డీకోడర్ వేసి, మనసుకు దగ్గరైన ఒక్కదానికి గొంతు ఇవ్వండి.

నేనైతే ఆ ఒక్కటీ ఆల్కో ఇంజినే అంటాను. సౌండ్ డీకోడర్లలో ఉండేవి అసలు ఇంజిన్ల దగ్గర రికార్డు చేసిన శబ్దాలు. వాటిలో అమెరికా ఆల్కో కంపెనీ 251 ఇంజిన్ ఒకటి. మన డబ్ల్యూడీఎం-2 గుండె కూడా అదే! కాజీపేట, గుత్తి షెడ్ల పక్కన పెరిగినవాళ్లకు ఆ గుగ్గుగ్గుగ్గు చప్పుడు బాగా తెలుసు. ఆల్కో 1969లో ఇంజిన్ల తయారీ ఆపేసింది. మనవాళ్లు మాత్రం వారణాసిలో దశాబ్దాల పాటు తయారుచేస్తూనే వచ్చారు. 2,600 హార్స్‌పవర్ ఇంజిన్‌ను 3,100కు పెంచి డబ్ల్యూడీఎం-3ఏ చేశారు. పాతదాన్ని పారేయకుండా పనికొచ్చేలా మార్చుకోవడమంటే అదే కదా!

ఇప్పుడు మన లైన్లన్నీ కరెంటుకు మారుతున్నాయి. ఆ డీజిల్ చప్పుడు స్టేషన్లలో అరుదైపోతోంది. రేపటి పిల్లలకు అది వినిపించాలంటే మ్యూజియంలో నిలబెట్టిన ఇంజిన్ చాలదు, అది మాట్లాడదు. అరచేతిలో పట్టే ఈ పాత ఇంజిన్ మాత్రం, కాస్త టేపూ నాలుగు తీగలూ ఇస్తే, మాట్లాడుతుంది.