కాపరి కంచం

పోయిన కోతల పండుగనాడు మా గుడి ముందు వేలంపాటలో ఒక గుమ్మడికాయ మూడు వేలు పలికింది. చప్పట్లు మోగాయి. ఆ సాయంత్రమే పాస్టరమ్మగారు మా పెరటి గుమ్మంలో నిలబడి, "అక్కా, రెండు కిలోలు బియ్యం సర్దుతారా? ఒకటో తారీఖున ఇచ్చేస్తాను" అన్నారు.

ఒకటో తారీఖున ఆవిడకు వచ్చేదేమిటో నాకు తెలుసు. సంఘం లెక్కలు రాసేది మా ఇంట్లోనే. నెలకు నాలుగు వేలు, అదీ రెండు నెలల బాకీ. వేలం డబ్బు గోపురం రంగులకు పోయింది. పాస్టరుగారు వారంలో నాలుగు రాత్రులు రొయ్యల చెరువు కాపలాకు వెళ్తున్నారని సంఘంలో అందరికీ తెలుసు. తెలిసీ ఆదివారం ప్రసంగంలో ఆయన గొంతు బొంగురుపోయిందని సణుగుతారు.

కమిటీలో అడిగితే ఒకటే జవాబు: "దైవజనుడు విశ్వాసం మీద బతకాలండి. ఏలీయాకు కాకులు తెచ్చిపెట్టలేదా?" తెచ్చిపెట్టాయి. మరి ఆయన నీళ్లు తాగుతున్న వాగు ఎండిపోయాక దేవుడు ఆయన్ని ఎక్కడికి పంపాడు? సారెపతులో ఒక విధవరాలి ఇంటికి! కొడుకుతో కలిసి ఆఖరి ముద్ద తిని చచ్చిపోదామనుకున్న మనిషి, ఉన్న పట్టెడు పిండిలో ముందు ఆయనకే రొట్టె కాల్చి పెట్టింది. ఆ సగం కథ మన పెద్దలకు ఎందుకు గుర్తు రాదు?

నరసాపురం దొరల్ని కూడా సాక్ష్యానికి లాగుతారు. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ ఇంగ్లండులోని డెవాన్ నుంచి భార్యలతో ఓడెక్కి వచ్చారు. ఒకాయన రాతిపని మేస్త్రీ, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. జీతం రాసిచ్చిన మిషను ఏదీ లేదు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో, కాటన్ ఆనకట్ట కడుతున్న రోజుల్లో ధవళేశ్వరం కూలీల మధ్య పనిచేశారు. నిజమే. కానీ వాళ్ల వెనక మనుషులున్నారు. బ్రిస్టల్‌లో అనాథశాలలు నడిపిన జార్జి ముల్లర్, తన చేతికి వచ్చిన కానుకల్లోంచి వాళ్లకు డబ్బు పంపేవారు. అందులో బీదవాళ్లు వేసిన చిల్లర కూడా ఉంది. జీతం అడగకూడదన్న నియమం వాళ్లు తమ మీద తాము పెట్టుకున్నది. దాన్ని తీసుకొచ్చి ఎదుటివాడి పిల్లల కంచం మీద పెట్టే హక్కు మనకెవరిచ్చారు?

మా నాయనమ్మ ఊడ్పులకు వెళ్లేది. ఎసరు మరుగుతుంటే చేటలో బియ్యంలోంచి గుప్పెడు తీసి గూట్లో కుండలో పోసేది. శనివారానికి ఆ కుండ పాస్టరు అయ్యగారింటికి వెళ్లేది. కూలి దొరకని వారం కూడా. ఇప్పుడు మా పేటలో డాబాలు లేచాయి. కువైట్‌లో ఇళ్లలో పాచిపని చేసే ఆడకూతుళ్లు కొందరు ఇప్పటికీ నెలనెలా పాస్టరమ్మగారి పేరు మీద ఐదొందలు పంపుతారు. ఎకరాలున్నవాళ్లకే చెయ్యి రాదు. కూటాలకు కారులో వచ్చే ప్రసంగీకుడికి శాలువా, బరువైన కవరు. మన శవాన్ని సమాధి దాకా సాగనంపే మనిషికి మాత్రం కుర్చీలు సర్దే పని.

2020 మే నెలలో కరోనా కష్టానికి ప్రభుత్వం పాస్టర్లకు ఐదు వేలిచ్చింది. ఆ ఏడాది మా పాస్టరుగారి చేతికి ఒక్కసారిగా అందిన పెద్ద సొమ్ము అదే. అది మా సంఘం ఇచ్చింది కాదు.

బైబిల్లోనూ ఇలాగే జరిగింది. నెహెమ్యా తిరిగొచ్చేసరికి మందిర సేవ చేసే లేవీయులు మందిరం వదిలి పొలాలకు వెళ్లిపోయారు, వాళ్ల వంతు వాళ్లకు అందక. ఆయన వాళ్లను తప్పు పట్టలేదు. అధికారులను నిలబెట్టి అడిగాడు. మా సంఘంలో అలా అడిగేవాళ్లు లేరు, అందుకే నేను అడుగుతున్నాను.

దాళ్వా ధాన్యం డబ్బులు ఖాతాల్లో పడుతున్నాయి. అన్నలారా, రంగులు, మైకులు తర్వాత చూద్దాం. ముందు ఆ రెండు నెలల బాకీ తీర్చండి.