అడిగి యిచ్చిన దానము

తాండూరు నాపరాతి గనులలో ఎండకు మాడుచు, పాలిషింగు యంత్రముల కడ రాతిపొడిని పీల్చుచు బ్రదుకు కూలీకి ఏది హితమో, వికారాబాదున రైలెక్కి వచ్చిన దాతకంటె ఏండ్ల తరబడి అచ్చట పనిచేయు సేవాసంస్థకే ఎక్కువ తెలియుననుట నిజమే, కావుననే పాతచీరల మూటను (మన ఔదార్యము బీరువా ఖాళీచేయు వేళనే పొంగును గదా!) మర్యాదగా త్రిప్పిపంపు అధికారము దానికుండవలెనని నేనందును. అయితే ఆ సంస్థయైనను కూలీని అడిగినదా? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో, భూదానోద్యమ నేత వినోబా భావే తాను నిర్ణయింపక, భూమిలేని దళితులనే అడిగెను; వారు కోరినది అన్నవస్త్రములు కాదు, 80 ఎకరముల నేల; అది విని ఆ యూరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములిచ్చెను. తాండూరు కూలీనడిగినచో, పాతచీరకు మారుగా మాస్కునో, అనంతగిరి క్షయ ఆసుపత్రికి బస్సు చార్జీనో కోరునేమో.