అమ్మను బ్రతికించుకొనలేని ఆట

ఈ నెల మా పుటలో వంటయింటి ముచ్చటలుగాని, పసిబిడ్డల జలుబునకు చిట్కాలుగాని లేవు. సోదరీమణులు మన్నింపవలెను. దసరా సెలవులలో మా యింట ఒక వీడియో గేమును గూర్చి తగవు జరిగినది. అది మా మనస్సును విడువకున్నది. దానిని వ్రాసినగాని మఱియొకటి వ్రాయలేము. ఈ వయస్సున మీకు ఆటలేమిటని నవ్వువారు నవ్వుదురుగాక. పిల్లలు గంటలకొలది కూర్చుండు తావున ఏమి జరుగుచున్నదో తొంగిచూచుట పెద్దలకు తప్పుగాదు.

తగవు మా రెండవవానికిని, మా మేనకోడలికిని. ఆమె మా అన్నగారి కొమార్తె. సబ్బవరమందున్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమున చదువుచు, ఆదివారములందు హాస్టలు భోజనము తప్పించుకొని మా యింటికి వచ్చుచుండును. ఈ దసరాకు పిల్లలందఱు ఊళ్లకు పోయిరి. ఆమె మాత్రము పోలేదు, పెట్టె సర్దుకొని మా యింటికే వచ్చినది. ఎందులకని మేమడుగలేదు. మావానికి దినమును విశాఖకు పోయివచ్చు ఉద్యోగము. (2022లో సబ్బవరము అనకాపల్లి జిల్లాలో చేరినను, మాకు పట్టణమనగా నేటికిని విశాఖయే.) ఇద్దఱును చిన్ననాటినుండి ఆటలలో జతగాండ్రు. ఇప్పుడు మాటలు మానుకొనునంతటి పట్టుదల వచ్చినది "డ్రాగన్ ఏజ్" అను ఆటయొక్క రెండవ భాగమువలన. అది నిన్నటి సరకు గాదు, 2011 నాటిది. అయినను దానిని మెచ్చువారును, దానిపేరెత్తిన మండిపడువారును దేశదేశములందు నేటికిని ఉన్నారట.

ఎఱుగనివారికి ముందుగా ఒక మాట. ఈ తెగ ఆటలలో గుఱి చూచి కొట్టుట, పందెము పరుగెత్తుట ప్రధానము గాదు. ఆడువారు ఒక కథలోని పాత్రను తామే ధరింతురు. ఎదుటివా రొక మాట అన్నప్పుడు తెరమీద కొన్ని జవాబులు కనబడును. మనమేది యెన్నుకొందుమో దానినిబట్టి కథ మలుపు తిరుగును. కైక వరములడిగిన రాత్రి దశరథుడేమి బదులు చెప్పవలెనో మన చేతికి విడిచిపెట్టినట్లన్నమాట.

కెనడా దేశమున ఎడ్మంటను నగరమందలి బయోవేర్ అను సంస్థవారు ఈ ఆటను కల్పించిరి. ఆ సంస్థను 1995లో నెలకొల్పినవారు వైద్యులు. మందులు మాని కథలు చెప్పుటకు దిగినారు. వారి మొదటి డ్రాగన్ ఏజ్ 2009 నవంబరులో వెలువడినది. అందు మన నాయకునికిగాని నాయికకుగాని ఆఱు విధముల పుట్టుకలు కలవు. ఉన్నతవంశమున పుట్టవచ్చును, పేటలోని పేదయింట పుట్టవచ్చును, అడవిజాతిలోనో, భూగర్భమందలి మరుగుజ్జుల నగరములోనో పుట్టవచ్చును. ఏ పుట్టుకనుబట్టి ఆ గౌరవము, ఆ అవమానము. పాతాళమునుండి వెడలిన రాక్షసమూక దేశమును కబళించుచుండగా దానిని నిలువరించుట కథ. ఆడినవారు దానిని నెత్తిన పెట్టుకొనిరి.

పిమ్మట 1 సంవత్సరము 4 నెలలకు, 2011 మార్చిలో, రెండవది వచ్చినది. అందు పుట్టుక ఒక్కటే. ఆడో మగో మీ యిష్టము, యింటిపేరు మాత్రము హాక్. దేశములు తిరుగుట లేదు. కిర్క్‌వాల్ అను ఒకే నగరమందు ఏండ్లతరబడి కాపురము. మొదటి ఆటలో మన పాత్ర నోరు విప్పదు, మాటలు మనము చదువుకొని మనస్సులో పలుకుకొనవలెను. రెండవదానిలో నటులు గొంతిచ్చిరి. దానితో వ్రాతపూర్వకమైన నిండుజవాబులు పోయి, మృదువుగాననుటకొక గుర్తు, వేళాకోళమునకొక గుర్తు, కఱకుగాననుటకొక గుర్తు మిగిలినవి.

మావాని ఫిర్యాదులలో న్యాయము లేదని మేమనము. ముఖ్యముగా గుహల సంగతి. మేనకోడలు మాకు చూపుటకై ఆటను మొదటినుండి ఆడుచుండగా ప్రక్కన కూర్చుండి మేమే చూచితిమి. ఒక గుహలోనికి పోయిరి. కొంతసేపటికి వేఱొక కొండలో వేఱొక గుహయనిరి. తీరా చూడగా అదే గుహ, ఒక తలుపు మాత్రము మూసియున్నది. మూడవ గుహయు అదే, ఈమాఱు వెనుక తలుపునుండి ప్రవేశము. పెండ్లిలో ఒకే పట్టుచీరను ముగ్గురు తోడికోడండ్రు పూటకొకరుగా కట్టుకొన్నట్లున్నది. 2004లోనే ప్రకటించి 2009 వఱకు చెక్కిన మొదటిదాని ప్రక్కన దీనిని నిలిపినప్పుడు తొందరపాటు గ్రుడ్డివారికిని తెలియును. ఊరగాయ ఊరకముందే జాడీ మూతదీసి సంతకు పంపినారు. పూర్తివెల యిచ్చి కొన్నవాడు అడుగకుండునా? పత్రికల విమర్శకులు చాలమంది మంచి మార్కులే వేసిరి గాని, కొన్నవారిలో పెక్కురు సున్నలు చుట్టిరి.

మేనకోడలి వాదము వేఱు. గుహలు ఒకటేనని ఆమెయు ఒప్పుకొనును. "అత్తా, మొదటిదానిలో నేను దేశమును రక్షించితిని. రెండవదానిలో ఒక యిల్లు నడిపితిని. ఏది కష్టమో నీవు చెప్పు" అన్నది.

కథ వినుడు. రాక్షసమూకకు వెఱచి తల్లియు ముగ్గురు బిడ్డలును కట్టుబట్టలతో ఊరు విడుతురు. దారిలోనే ఒక బిడ్డ పోవును. ఆ దుఃఖములో తల్లి పెద్దబిడ్డనే, అనగా మననే, దోషిని చేయును. కిర్క్‌వాల్ తల్లి పుట్టినూరు. అక్కడ గొప్ప భవంతి యున్నదను ధైర్యముతో వత్తురు. తీరా వచ్చి చూడగా మేనమామ ఆ భవంతిని అప్పులక్రింద పోగొట్టి ఒక మురికిగదిలో నున్నాడు. నగరద్వారము దాటనిచ్చుటకే ఒక యేడు ఊడిగము చేయవలసివచ్చును. పిదప ఒక్కొక్క కాసు కూడబెట్టి ఆ యిల్లు మరల సంపాదించుట కథలో పెద్దభాగము.

ఈ ఘట్టము సాగుచుండగా మా పొరుగింటి మామ్మగారు వచ్చి కూర్చుండిరి. విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. దానికై భూములు వదలి లేచివచ్చిన కుటుంబములలో వారిదొకటి. ఆంగ్లము ఒక్కముక్క రాదు. మేనకోడలు తెలుగున చెప్పుచుండగా వినిరి. ద్వారమువద్ద కావలివారు కాందిశీకులను ఆపుట చూచి తల పంకించిరి. మేనమామ తెరమీదికి వచ్చునప్పటికి, "ఇల్లు పోయినందుకు గాదమ్మా, పోగొట్టినవాడు దినమును కండ్లయెదుట తిరుగుచుండును చూడు, అది ఓర్చుకొనరానిది" అనిరి. లోకప్రసిద్ధులైన విమర్శకులు ఈ ఆటను గూర్చి వ్రాసినవి పిల్లలు మాకు చాల వినిపించిరి. వానిలో ఈ మాట మాకు దొరకలేదు.

కథ చెప్పు తీరు మాత్రము మాకు పరిచితమే. సూతుడు శౌనకాదులకు చెప్పినట్లు, వారిక్ అను మరుగుజ్జు ఒక విచారణాధికారిణియెదుట కూర్చుండి యిదంతయు చెప్పుచుండును. వీడు అతిశయోక్తుల పుట్ట. ఆరంభమందే నాయకుని బలమును ఆకాశమున కెత్తగా ఆమె కోపించి నిజము చెప్పుమని గద్దించును. అంతట కథ మరల మొదలగును. మా తాతగారు చెప్పు కథలు జ్ఞప్తికి వచ్చి నవ్వుకొంటిమి. యుద్ధములు వచ్చినప్పుడు మాత్రము మేము లేచి పొయ్యిమీది పాలు చూచుకొని వచ్చుచుంటిమి.

రెండవకథకు ఇంటిపోరు కావ్యలోకమున క్రొత్త గాదు. మా అత్తగారు రామాయణపారాయణమును పట్టాభిషేకముతో ముగించి పుస్తకము కండ్ల కద్దుకొని కట్టివేయువారు. ఉత్తరకాండ యింట చదువనిచ్చువారు గారు. సీతమ్మను మరల అడవికి పంపిన కథ నాకెందులకని వారి మాట. అయినను తిక్కన సోమయాజి వ్రాసినది ఆ కథనే, కంకంటి పాపరాజు ఉత్తరరామాయణముగా వ్రాసినదియు ఆ కథనే. 1963లో "లవకుశ" తెరమీదికి వచ్చినప్పుడు బండ్లు కట్టుకొని పోయి చూచిన యిల్లాండ్రలో మా అత్తగారు నుండిరి! ఇంటికి వచ్చి రెండు దినములు ఎవరితోను మాటలాడలేదట.

ఇక అసలు సంగతి. భవంతి దక్కినది, తల్లి కుదుటపడినది. ఒకనాడు ఆమెకు తెల్లని లిల్లీ పూలు వచ్చును. ఎవరో పెద్దమనిషి ఆదరముతో పంపినాడని ఆమె మురియును. ఆ పూలు ఎవరికి వచ్చినవో ఆ స్త్రీలు కనబడకుండ పోవుచున్నారని మనకు ముందే జాడ తెలిసియుండును. పరుగెత్తుదుము. నెత్తుటి గుఱుతుల వెంట పోదుము. హంతకుడు చిక్కును, తల్లి మాత్రము మన చేతులలో ప్రాణము విడుచును. ఏ జవాబు ఎన్నుకొన్నను అంతే. ఎంత వేగముగ పోయినను అంతే.

మావాని ఆక్షేపణలన్నింటిలో పెద్దది ఇదియే. ఎన్నుకొను హక్కు నీదేయని చెప్పి అమ్మిన ఆటలో, అన్నింటికంటె ముఖ్యమైన చోట హక్కు లేకపోవుట మోసమని వాని వాదము. ఆ మధ్యాహ్నము అదే మాట గట్టిగా అన్నాడు. వ్రాసినవారికి చేతగాక అట్లు చేసినారన్నాడు.

మేనకోడలు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "మొదటిసారి ఆడినప్పుడు నేను పదునొకండుమార్లు వెనుకకు పోయితిని బావా. పూలు వచ్చిన దినమునకు పోయితిని, దాని ముందు దినమునకు పోయితిని. ఒక్కరోజు ముందుగా బయలుదేరియుంటే, అని" అన్నది.

మా వదినెగారు 2021 వేసవిలో పోయిరి. ఏ దినమున జ్వరము తగిలినది, ఏ దినమున ఆస్పత్రికి తీసికొనిపోయినారు, మధ్య ఎన్ని గంటలు గడచినవి, ఇవన్నియు ఆ పిల్ల నోటిలెక్కగా చెప్పగలదని మాకు ఆనాడే తెలిసినది. నాలుగేండ్లకు పైగా మాలో ఎవ్వరితోను ఆ లెక్క చెప్పలేదు. మావాడు చేతిలోని పళ్లెము క్రింద పెట్టి లోపలికి పోయినాడు.

ఆ రాత్రి రహదారిమీద లారీల చప్పుడు వినుచు ఆమెయు మేమును చాలసేపు మేలుకొనియుంటిమి. అప్పుడే ఆమె మఱియొక సంగతి చెప్పెను. దానిని మా పాఠకురాండ్రకు చెప్పకుండ విడువరాదు. ఈ ఆటను వ్రాసినవారిలో జెన్నిఫర్ హెప్లర్ అను ఆమె ఒకతె. రెండవదానిలో ఆండర్స్ అను వైద్యుని పాత్ర ఆమె వ్రాసినది. ఆమె 2006లో ఒక సంభాషణమందు, మాటలను దాటవేయు వీలున్నట్లే పోరాటములను దాటవేయు వీలును ఆటలలో నుండిన బాగుండునన్నది. (పాలు చూచుకొనుటకు లేచిన మాకు ఆ మాట ఎంతయో నచ్చినది.) 2012లో ఎవరో దానిని త్రవ్వి పైకి తీసిరి. అంతట రెండవ ఆటపై కోపమంతయు ఆమెపైకి మళ్లినది. గుహలు కట్టినది ఆమె గాదు, గడువు పెట్టినది ఆమె గాదు. అయినను ఆమె రూపమును, ఆడుపుట్టుకను ఎత్తి దూషించిరి. ఇంటికి ఫోనులు చేసి భయపెట్టిరి. బిడ్డలకు హాని చేయుదుమనువఱకు పోయిరి. ఆమె 2013లో ఆ సంస్థను వీడినది. 2016లో ఆటల పరిశ్రమయందు పనిచేయు స్త్రీలను గూర్చిన ఒక గ్రంథమునకు సంపాదకురాలైనది.

మా మేనకోడలు న్యాయశాస్త్రము చదువుచున్నది గదా, దీనిని రెండు ముక్కలుగా కోసి చూపినది. సొమ్మిచ్చి కొన్నవానికి సరకులోని తాలును చూపి అడుగు హక్కు కలదు. ఆ హక్కు దుకాణము గడపవద్ద ఆగిపోవును, పనిచేసినదాని యింటి గడపకు రాదు. మాకు తోచినది మఱియొకటి. వండినవారు పదిమంది యుండగా, ఉప్పు తక్కువైనపుడు తిట్లు వడ్డించు ఆడుదానికే తగులుట మన విందులలోను చూచుచున్నదే.

ఆ వరుసలో మూడవ ఆట 2014లో వచ్చి ఆ యేటి మేటిదిగా బహుమానము పొందినది. నాలుగవది 2024 అక్టోబరులో వచ్చినది, మరల రెండు పక్షములు, మరల రచ్చ. రెండవదానిని తిట్టినవారిలో కొందఱు ఇప్పుడు దానినే తలచుకొని నిట్టూర్చుచున్నారని మావాడు ఒప్పుకొన్నాడు. తాను మాత్రము ఆ జాబితాలో లేనని గట్టిగా చెప్పినాడు.

సెలవులు ముగిసి పిల్ల హాస్టలునకు పోయినది. పోయిన బుధవారము రాత్రి నీళ్లకని లేచినప్పుడు ముందుగదిలో వెలుతురు కనబడినది. మావాడు రెండవ ఆటను మొదటినుండి ఆడుచున్నాడు. లోగడ మూడవవంతులోనే విసిగి మానివేసెనట. సంపద వెదకుటకు పాతాళమార్గమునకు పోవలసిన ఘట్టము వచ్చినది. మిగిలిన చెల్లెలు తానును వత్తుననుచున్నది. తల్లి, దానిని తీసికొనిపోవలదని బ్రతిమాలుచున్నది. వీడు ఫోను చెవివద్ద పెట్టుకొని, "చెల్లెలిని వెంట తీసికొనిపోవలెనా, అమ్మవద్ద విడువవలెనా? ఏది మంచిదే?" అని మెల్లగా అడుగుచున్నాడు.

అవతలినుండి మేనకోడలి నవ్వు మాకును వినబడినది. "చెప్పను బావా" అన్నది.