ఈత మానినా జట్టు మానవద్దు

ఎండాకాలం వచ్చిందంటే మన పట్టణాల్లోని ఈత కొలనులు పిల్లలతో నిండిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఒక బ్యాచ్ వెనుక మరో బ్యాచ్. తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు తువ్వాళ్లు పట్టుకుని గట్టుమీద కూర్చుంటారు. జూన్‌లో బడులు తెరవగానే కొలనులు ఖాళీ అవుతాయి. కొన్నిచోట్ల తాళాలే పడతాయి. ఈత అంటే సెలవుల్లో పిల్లలకు నేర్పించే విద్య అనే అభిప్రాయం మనలో అంతగా పాతుకుపోయింది.

ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించలేము. ఆరోగ్యరీత్యా చూస్తే ఈత అవసరం గట్టుమీద కూర్చున్నవారికే ఎక్కువ. మోకాళ్లు అరిగి నడక తగ్గినవారు, షుగరు, బీపీ మందులు వాడుతున్నవారు, ఉద్యోగ విరమణ చేసి ఏమీ తోచనివారు, పిల్లలు దూరదేశాలకు వెళ్లి ఇంట్లో ఇద్దరే లేదా ఒక్కరే మిగిలినవారు వారిలో ఉంటారు. వీరికి రెండు కావాలి. ఒకటి, కీళ్లను నొప్పించని వ్యాయామం. రెండు, రోజూ పేరు పెట్టి పలకరించే నలుగురు మనుషులు. పెద్దల ఈత జట్టు ఈ రెండింటినీ ఒకేచోట ఇవ్వగలదు. మొదటిదాని గురించి డాక్టర్లు తరచూ చెబుతూనే ఉంటారు. రెండోదాని గురించే ఈసారి ఎక్కువగా చెప్పదలచుకున్నాము.

నీటిలో శరీరం తేలికవుతుంది

ముందుగా నీరు చేసే మేలు క్లుప్తంగా చూద్దాం. నడుము లోతు నీటిలో నిలబడితే కాళ్లమీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. మెడ వరకు మునిగితే సుమారు పదో వంతు మాత్రమే మిగులుతుంది. నేలమీద పది అడుగులు వేస్తే మోకాలు పట్టుకునే మనిషి ఛాతీ లోతు నీటిలో హాయిగా నడవగలగడానికి కారణం ఇదే. పైగా నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు చిక్కనిది. చెయ్యి కదిపినా, కాలు కదిపినా కండరాలు దాన్ని తోసుకుంటూ పనిచేయాలి. కాబట్టి ఈత రానివారు నీటిలో నడిచినా వ్యాయామమే అవుతుంది.

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నీటిలో గడిపితే 150 నిమిషాలు పూర్తవుతాయి. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. నీటిలో బరువు పడదు కనుక ఎముకలు గట్టిపడడానికి ఈత ఒక్కటే చాలదు. ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలు ఈతతోపాటు నడక, చిన్నచిన్న బరువులెత్తే వ్యాయామాలు కూడా చేయాలి.

ఒక వైద్యుని ఆలోచన

ఇన్ని లాభాలు తెలిసినా వ్యాయామం మొదలుపెట్టినవారిలో ఎంతోమంది నెల తిరగకుండానే మానేస్తారు. ఈ చిక్కుకు సమాధానం వెతికినవారిలో అమెరికా నౌకాదళంలో వైద్యునిగా పనిచేసిన రాన్సమ్ ఆర్థర్ ఒకరు. పెద్దవారికి కూడా ఒక గమ్యం, ఒక జట్టు ఉంటే నిలకడగా ఈదుతారని ఆయన ఆలోచన. కోచ్ జాన్ స్పన్నూత్‌తో కలిసి ఆయన చేసిన ప్రయత్నం ఫలించి 1970 మే నెలలో టెక్సాస్ రాష్ట్రంలోని అమరిల్లోలో పెద్దల కోసం మొదటి జాతీయ ఈత పోటీలు జరిగాయి. దాన్నే ‘మాస్టర్స్ ఈత’ అంటున్నారు. తర్వాత ఇది అనేక దేశాలకు వ్యాపించింది. మన దేశంలోనూ జాతీయ మాస్టర్స్ పోటీలు జరుగుతున్నాయి. 2023లో అవి మంగళూరులో జరిగాయి.

ప్రపంచ స్థాయి మాస్టర్స్ పోటీల్లో 25 ఏళ్లు నిండినవారు పాల్గొనవచ్చు. ఐదేసి సంవత్సరాలకు ఒక వర్గం. అరవై రెండేళ్లవారు అరవై నాలుగేళ్లవారితోనే తలపడతారు, పాతికేళ్లవారితో కాదు. ఇక రిలే పోటీల్లో మాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. నలుగురి వయసులూ కూడి ఆ మొత్తాన్నిబట్టి వర్గం నిర్ణయిస్తారు. 58, 61, 64, 67 ఏళ్ల నలుగురు కలిస్తే 250 అవుతుంది. వారు 240 నుంచి 279 వరకు ఉండే వర్గంలో ఈదుతారు. ఆ వర్గంలో నిలవడానికి వారి వయసే అర్హత. నలుగురిలో ఒక్కరు రాకపోతే జట్టే లేదు. ‘నువ్వు రాకపోతే కుదరదు’ అనే మాట వినడం ఉద్యోగం నుంచి దిగిపోయిన మనిషికి ఎంత బలమిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

జపాన్‌కు చెందిన మియెకో నాగఓకా అనే మహిళ మోకాలి బాధ నుంచి కోలుకోవడానికి ఎనభై దాటాక ఈత మొదలుపెట్టారు. 2015లో నూరేళ్ల వయసులో 1500 మీటర్లు పూర్తిగా ఈదారు. గంటా పదిహేను నిమిషాల పైచిలుకు పట్టింది. నూరేళ్లు నిండినవారిలో అంత దూరం పోటీలో పూర్తిచేసిన మొదటి వ్యక్తి ఆమే.

మన తెలుగువారిలో గోలి శ్యామల నలభై దాటాక ఈతలోకి వచ్చారు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని దాదాపు 14 గంటల్లో ఈదారు. 2025 జనవరి మొదటి వారానికి విశాఖపట్నం నుంచి కాకినాడ వరకు సుమారు 150 కిలోమీటర్లు కొన్ని రోజులపాటు సముద్రంలో ఈది ముగించారు. అప్పటికి ఆమె వయసు 52. మనమందరం సముద్రాలు ఈదాలని దీని అర్థం కాదు. అంతటి ఈతగత్తె కూడా ఒంటరిగా నీటిలో దిగలేదు. పక్కన పడవ, అందులో కనిపెట్టి చూసే మనుషులు ఉన్నారు. మనం నేర్చుకోవలసింది ఇదే.

ఒంటరితనం కూడా ఒక జబ్బే

ఒంటరితనం మనసుకు మాత్రమే సంబంధించిన సంగతి అని చాలామంది అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000కు పైగా ఉంటాయని అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, షుగరు, మతిమరుపు, దిగులు జబ్బు, వీటన్నిటికీ ఒంటరితనంతో సంబంధం ఉన్నట్టు ఆ నివేదిక చెబుతోంది. మందుల చీటీలో దీనికి మాత్ర రాయలేము.

పూర్వం పల్లెల్లో ఈతంటేనే నలుగురితో కూడిన పని. వీపుకు ఎండు సొరకాయ బుర్రలో, బెండు కట్టెలో కట్టి మేనమామో అన్నయ్యో బావిలోకి దింపేవారు. ఒకరు ఈదుతుంటే పదిమంది గట్టుమీద ఉండేవారు. బోర్లు వచ్చాక ఆ బావులు చాలావరకు ఎండిపోయాయి, పూడిపోయాయి. పట్టణానికి వచ్చి స్థిరపడినవారికి ఆ సావాసమూ పోయింది. అయినా కొన్నిచోట్ల అది నిలిచే ఉంది. విజయవాడలో కృష్ణ ఒడ్డున ఆక్వా డెవిల్స్ సంఘం నదిని ఈది దాటే పోటీలు నిర్వహిస్తూ వచ్చింది. ఇటువంటి జట్లు ప్రతి పట్టణంలోనూ ఏర్పడాలి. పోటీలకు వెళ్లడం తప్పనిసరి కాదు. వేళ తప్పకుండా కలవడం ముఖ్యం.

రానివారి సంగతేమిటి?

ఒక జట్టు మంచిదో కాదో ఎంతమంది వేగంగా ఈదుతున్నారనే దాన్నిబట్టి తెలియదు. రాకుండా పోయినవారి గురించి ఎవరైనా అడుగుతున్నారా లేదా అన్నదాన్నిబట్టి తెలుస్తుంది. కంటిశుక్లాల ఆపరేషన్ అయినవారు కొన్ని వారాలు నీటిలో దిగకూడదు. మోకీలు మార్పిడి చేయించుకున్నవారు గాయం పూర్తిగా మానేదాకా ఆగాలి. భుజం పట్టేసినవారు చెయ్యి ఎత్తలేరు. భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారికి గడప దాటాలనిపించదు. ఇలా నెల రోజులు మానినవారు ‘ఇంకేం వెళ్తాంలే’ అనుకుని మొత్తానికే మానేస్తారు. సరిగ్గా మనుషుల అవసరం ఎక్కువైన సమయంలోనే మనుషులకు దూరమవుతారు.

అందుచేత ఈత జట్లకు మా సూచనలు ఇవి. రెండు రోజులు వరుసగా రానివారికి మూడో రోజు ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. వారం దాటితే ఇద్దరు ఇంటికి వెళ్లి పలకరించాలి. ఈదలేని స్థితిలో ఉన్నవారిని కూడా అదే వేళకు రమ్మనాలి. వారు గట్టుమీద కూర్చుని గడియారం చూడవచ్చు, ఎవరు ఎన్ని చుట్లు వేశారో లెక్కపెట్టవచ్చు, కొత్తవారికి ధైర్యం చెప్పవచ్చు, చివర్లో అందరితో కలిసి టీ తాగవచ్చు. కొలను మూసిన రోజుల్లో జట్టు అదే వేళకు నడకకు వెళ్లాలి. నీరు ఉన్నా లేకపోయినా ఆ వేళ చెదిరిపోకూడదు. ఒకసారి చెదిరితే మళ్లీ కూడగట్టడం కష్టం.

స్త్రీలకు ఒక గంట

ఈత జట్ల గురించి మాట్లాడేటప్పుడు సగం జనాభాను మరచిపోతున్నాము. మోకాళ్ల నొప్పులు, ఎముకల బలహీనత స్త్రీలలోనే ఎక్కువ. వారికే కొలనులో చోటు తక్కువ. ‘ఈ వయసులో ఈతేమిటి, నలుగురూ ఏమనుకుంటారు’ అనే మాట ఇంట్లోనే ఎదురవుతుంది. ప్రతి కొలనులోనూ రోజుకు ఒక గంట స్త్రీలకు కేటాయించాలని, ఆ గంటలో నేర్పేవారూ కాపలా ఉండేవారూ స్త్రీలే కావాలని మేము కోరుతున్నాము. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. చీరతోనో నూలు చుడీదారుతోనో దిగితే అవి తడిసి బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. అది ప్రమాదం.

కొన్ని జాగ్రత్తలు

‘ఈతకు మించిన లోతు లేదు’ అని సామెత. కానీ ఒంటరిగా ఈదేవారికి నడుము లోతు కూడా లోతే. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీటిలో మునిగి చనిపోయారు. కాబట్టి కింది విషయాలు గుర్తుంచుకోండి.

గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా నీటిలో దిగవద్దు. మెడ వరకు మునిగినప్పుడు నీటి ఒత్తిడివల్ల కాళ్లలోని రక్తం ఛాతీవైపు చేరుతుంది. బలహీనమైన గుండె ఆ భారాన్ని తట్టుకోలేకపోవచ్చు. 

మూర్ఛ వచ్చేవారు మీ సంగతి తెలిసిన మనిషి పక్కన లేకుండా ఈదకూడదు. 

ఇన్సులిన్ తీసుకునేవారు దిగేముందు షుగరు చూసుకోవాలి. గట్టుమీద గ్లూకోజో, పంచదారో ఉంచుకోవాలి. 

నీటి అడుగున ఊపిరి బిగబట్టే పందేలు వద్దే వద్దు. ఆరోగ్యవంతులు కూడా హెచ్చరిక లేకుండా స్పృహ తప్పవచ్చు. 

విరేచనాలు, మానని పుండ్లు ఉన్నప్పుడు ఇంటివద్దే ఉండండి. 

దిగేముందు సబ్బుతో స్నానం చేయండి. కొలను వద్ద ఘాటు వాసన వస్తే నీరు శుభ్రంగా ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడే ఆ ఘాటు వస్తుంది, కళ్లు మండుతాయి. 

తడి గచ్చుమీద జారిపడితే తుంటి ఎముక విరగవచ్చు. పట్టున్న చెప్పులు వేసుకుని నెమ్మదిగా నడవండి.

కొలనులు నడిపేవారికి మనవి

మునిసిపాలిటీలు, కాలేజీలు, గృహ సముదాయాల సంఘాలు తమ కొలనులను ఎండాకాలపు ఆదాయంగా మాత్రమే చూడకూడదు. పెద్దల కోసం ఉదయం ఒక బ్యాచ్ ఏడాది పొడవునా నడపాలి. దిగడానికి నిట్రమైన నిచ్చెన బదులు వెడల్పాటి మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఏర్పాటు చేయాలి. శిక్షణ పొందిన లైఫ్‌గార్డు లేకుండా కొలను తెరవకూడదు. ఖర్చవుతుందని అంటారు. ఒక తుంటి ఆపరేషన్‌కు ఒక కుటుంబం పెట్టే ఖర్చును, పడే బాధను దాని పక్కన పెట్టి చూడమని మా మనవి.

పాఠకులారా, ఈసారి మనవడినో మనవరాలినో కొలనుకు తీసుకువెళ్లినప్పుడు గట్టుమీద మీ పక్కన కూర్చున్నవారితో మాట కలపండి. నలుగురు ఒప్పుకుంటే చాలు, నిర్వాహకుల దగ్గరకు వెళ్లి పెద్దలకు ఒక గంట అడగండి. ఇప్పటికే ఈదుతున్నవారైతే మీ జట్టులో ఈమధ్య కనబడకుండా పోయినవారెవరో ఆలోచించండి. ఈరోజే వారికి ఒక ఫోన్ చేయండి.