రెక్కలున్నా... సంతకం పడాలి!

జగ్గయ్యపేటలో ఏ ఇంట్లోనైనా పిల్లల అమెరికా ప్రయాణం ఖాయమైందంటే మొదట తేలాల్సింది ఆవకాయ ఎన్ని కిలోలన్నది కాదు. గన్నవరమా, శంషాబాదా... అదీ అసలు చర్చ. గన్నవరం దాదాపు 100 కిలోమీటర్లు. చిల్లకల్లు, కీసర టోల్‌గేట్లు దాటి, నందిగామ మీదుగా వెళ్లి, విజయవాడ ట్రాఫిక్కులోంచి బయటపడాలి. శంషాబాద్ అంతకు రెట్టింపు దూరం. అయినా చాలాసార్లు ఓటు శంషాబాద్‌కే పడుతుంది.

'గన్నవరంలో ఎక్కితే సరిపోదట్రా?' అని పెద్దాయన అడుగుతాడు.

'మనకు కావాల్సిన టైముకి అక్కడ విమానం ఉండొద్దూ నాన్నా!' అని కొడుకు జవాబు.

విమానం ఉండాలంటే దాన్ని నడిపే సంస్థ ఉండాలి. ఒకటో రెండో ఉంటే చాలదన్న సంగతి 2025 డిసెంబర్‌లో దేశమంతటికీ తెలిసొచ్చింది. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాక సిబ్బందిని సర్దుకోలేక ఇండిగో సర్వీసులు కుప్పకూలాయి. ఒక దశలో రోజుకు వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. దేశీయ ప్రయాణికుల్లో నూటికి 60 మందికి పైగా ఆ ఒక్క సంస్థనే నమ్ముకున్నారు మరి! శంషాబాద్‌లో సూట్‌కేసుల మీదే కునుకు తీసినవాళ్లకు ఆ రోజులు ఇప్పట్లో మరపుకు రావు.

ఆ నెలాఖర్లోనే మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు ఒక కబురు చెప్పారు. శంఖ్ ఎయిర్, అల్‌హింద్ ఎయిర్, ఫ్లైఎక్స్‌ప్రెస్ అనే మూడు కొత్త సంస్థలు రంగంలోకి దిగబోతున్నాయని. వీటిలో మొదటిదానికి నిరభ్యంతర పత్రం అంతకుముందే ఉంది. మిగిలిన రెంటికీ ఆ వారమే వచ్చింది. ఫ్లైఎక్స్‌ప్రెస్ మన హైదరాబాద్‌దే. ఇంకేముంది, రేపో మాపో ఎక్కేయొచ్చనుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ నిరభ్యంతర పత్రమంటే పెళ్లిచూపులు అయ్యాయని మాత్రమే. ముహూర్తానికి చాలా తతంగం ఉంది.

హైదరాబాద్ రోడ్డు మీద ట్రావెల్స్ బస్సు తిప్పేవాళ్లకు పర్మిట్టు, ఫిట్‌నెస్, డ్రైవరు లైసెన్సు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. విమానానికీ అవన్నీ ఉంటాయి. అయితే అక్కడ విమానం ఒక్కటే బాగుంటే చాలదు, దాన్ని నడిపే కంపెనీ కూడా పరీక్ష పాసవ్వాలి. ఆ పాసు కాగితం పేరే ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్. ఇచ్చేది ఢిల్లీలోని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్... వాడుకలో డీజీసీఏ.

పరీక్ష అయిదు దశల్లో సాగుతుంది. మొదటి రెండూ సంప్రదింపులు, దరఖాస్తు. మూడో దశలో కాగితాలు కట్టలు కట్టలుగా వెళ్తాయి. విమానం ఎలా నడుపుతారు, ఏ పరికరం పనిచేయకపోతే ఎగరకూడదు, మరమ్మతులు ఎవరు చేస్తారు, సిబ్బందికి శిక్షణ ఎక్కడ... ప్రతిదానికీ ఒక మాన్యువల్. భద్రతకు ఎవరు పూచీ, పైలట్లకు పెద్ద ఎవరు అన్నది పేర్లతో సహా చెప్పాలి. రాసింది నచ్చకపోతే తిప్పి పంపుతారు. మళ్లీ రాయాలి.

నాలుగో దశే అసలైనది. రాసిందంతా చేసి చూపించాలి. ఎయిర్‌హోస్టెస్‌లు తలుపులు తెరిచి, జారుడుబల్లల్లాంటి స్లైడ్లను విప్పి, ప్రమాద సమయంలో జనాన్ని ఎలా దింపుతారో తనిఖీదారుల ముందే చేయాలి. ఆ తర్వాత ప్రూవింగ్ ఫ్లైట్లు. టికెట్ కొన్న ప్రయాణికుడు ఒక్కడూ ఉండడు. ఇన్‌స్పెక్టర్లు కూర్చుంటారు. ఆకాశంలో ఉండగా 'దిగాల్సిన ఊళ్లో వాతావరణం బాగోలేదనుకోండి, ఇప్పుడేం చేస్తారు?' అని అడుగుతారు. కాక్‌పిట్‌లో పైలట్లు, కింద కంట్రోల్ రూములో సిబ్బంది నిజంగా జరిగినట్టే స్పందించాలి. తృప్తి కలిగితే అయిదో దశ. సంతకం!

ఈలోగా మీటరు తిరుగుతూనే ఉంటుంది. అద్దెకు తెచ్చిన విమానానికి నెల నెలా అద్దె కట్టాలి. పైలట్లకు, ఇంజినీర్లకు జీతాలివ్వాలి. టికెట్ల మీద రూపాయి రాదు. ఆకాశ ఎయిర్ తొలి విమానం 2022 జూన్‌లో ఇండియాకొచ్చింది. సర్టిఫికెట్ జులై 7న చేతికందింది. ప్రయాణికులతో ఎగిరింది ఆగస్టు 7న. జేబు నిండుగా ఉన్నవాళ్ల వేగమది. అందరికీ సాగదు.

ఇదంతా మన ప్రాంతానికి కొత్తేం కాదు. 2003 సెప్టెంబర్‌లో ఎయిర్ దక్కన్ విమానం హైదరాబాద్ నుంచి విజయవాడకు మొదటిసారి బయల్దేరింది. లోపల వెంకయ్యనాయుడు, అప్పటి విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ ఉన్నారు. ఇంకా గాల్లోకి లేవకముందే ఇంజనులో మంటలు! అదృష్టం... అందరూ క్షేమంగా దిగారు. పరీక్షలు అంత కఠినంగా ఎందుకుంటాయో అర్థం కావడానికి ఆ ఒక్క రోజు చాలు. తర్వాత ఆ సంస్థ నిలదొక్కుకుంది, సామాన్యుణ్ని విమానమెక్కించింది. 2008లో కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది.

అచ్చంగా మనదనుకున్నది మాత్రం ఎయిర్ కోస్టానే. విజయవాడకు చెందిన ఎల్‌ఈపీఎల్ గ్రూపు పెట్టిన సంస్థ. అనుమతుల గడపలన్నీ దాటుకుని 2013 అక్టోబర్‌లో ఎగిరింది. చేతిలో ఉన్నవి 67 సీట్ల ఎంబ్రాయర్ విమానాలు రెండంటే రెండు. బెజవాడ కంపెనీ విమానాలు నడపడమేంటని ముక్కున వేలేసుకున్నవాళ్లే తర్వాత బెంగళూరుకో చెన్నైకో అందులోనే వెళ్లొచ్చారు. మరుసటి ఫిబ్రవరిలోనే సింగపూర్ ఎయిర్‌షోలో మరో 50 విమానాలకు ఆర్డరిచ్చారు. జాబితా ధరల ప్రకారం 294 కోట్ల డాలర్లు... అప్పటి మారకంలో దాదాపు 18 వేల కోట్ల రూపాయలు! రెండు విమానాల కంపెనీకి అది పెద్ద అంగే. ఆ యాభైలో ఒక్కటీ రాలేదు. 2017 జనవరిలో గన్నవరంలో కొత్త టెర్మినల్‌కు రిబ్బను కత్తిరించారు. ఫిబ్రవరి 28న ఎయిర్ కోస్టా ఆగిపోయింది. ఇంజన్లలో లోపం కాదు, డబ్బు అందలేదు.

హైదరాబాద్ ట్రూజెట్‌దీ దగ్గర దగ్గర అదే కథ. 2015 జులైలో మొదలైంది. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద కడపను హైదరాబాద్‌తో కలిపింది. 2022లో మూతపడింది. ఇంకా వెనక్కి వెళితే, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిగిలిన డకోటా విమానాలు చవగ్గా దొరికాయి. అడిగినవాళ్లకల్లా లైసెన్సులిచ్చారు. గిరాకీకి మించి కంపెనీలు పుట్టుకొచ్చాయని 1950లో రాజాధ్యక్ష కమిటీ తేల్చింది. మూడేళ్లకు నిజాం కాలంనాటి దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా అన్నిటినీ జాతీయం చేసేశారు.

అంటే డీజీసీఏ కాగితం చెప్పేది ఒక్కటే... ఈ కంపెనీకి విమానం భద్రంగా నడపడం వచ్చునని. మొదట్లో ఎంత మూలధనం చూపాలో నిబంధనల్లో ఉన్న మాట నిజమే. కానీ ఇంధనం ధర పెరిగినప్పుడు, డాలరు ఎక్కినప్పుడు, సీట్లు సగం ఖాళీగా పోయినప్పుడు ఎన్నాళ్లు తట్టుకుంటుందన్నది ఆ కాగితంలో ఉండదు. అది ప్రయాణికుడే చూసుకోవాలి.

కొత్త సంస్థ ప్రారంభ ఆఫర్ ప్రకటించగానే ఆర్నెల్ల తర్వాతి పెళ్లి ప్రయాణానికి ఇంటిల్లిపాదికీ టికెట్లు కొనేయడం అంత మంచిది కాదు. నెలా రెండు నెలల్లోపు ప్రయాణాలైతే ఫర్వాలేదు. క్రెడిట్ కార్డుతో కొంటే, సంస్థ ఆగిపోయినప్పుడు బ్యాంకు ద్వారా డబ్బు అడగడానికి ఒక దారైనా ఉంటుంది.

అమెరికా వెళ్లే పిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. గన్నవరం నుంచి హైదరాబాద్‌కో ఢిల్లీకో వెళ్లే విమానం, అక్కణ్నుంచి అమెరికా విమానం... రెండూ ఒకే టికెట్‌లో ఉంటే మొదటిది రద్దయినా ముందుకు పంపే ఏర్పాటు సాధారణంగా సంస్థలే చూస్తాయి. వేర్వేరుగా కొంటే ఆ బాధ్యత ఎవరికీ ఉండదు. పెద్ద విమానం సీటు పోయినట్టే. అలాంటప్పుడు ఒక రోజు ముందే బయల్దేరి చుట్టాలింట్లో పడుకోవాలి. లేదంటే రాత్రి భోజనాలు కానిచ్చి, నేరుగా శంషాబాద్‌కు కారు మాట్లాడుకోవాలి.